ఖరీదైన తోటలకే వచ్చే జబ్బు

“మన ప్రాంతంలో టమాటాకు జబ్బు లేదు. గతంలో రాలేదు. ఇకముందు రావడానికి వీల్లేదు!”

ఈ మహావాక్యం మా సస్యరక్షణ కార్యాలయంలో, ఆఫీసరుగారి కుర్చీకి సరిగ్గా పైన, అద్దం బిగించిన ఫ్రేములో ఉంటుంది. ఆయన ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన మొదటి వారంలోనే దీన్ని తయారు చేయించారు. రెండో వారంలో జబ్బు వచ్చింది. తెల్లదోమలకు చదువు రాకపోవడం వల్లే ఈ పొరపాటు జరిగిందని నా అభిప్రాయం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తెల్లదోమ అంటే మనల్ని కుట్టే దోమ కాదు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది. జబ్బు మొక్క మీద భోంచేసి పక్క మొక్క మీద వాలిందంటే, దాంతోపాటు ఆకుముడత వైరస్ కూడా అక్కడ దిగిపోతుంది. ఇక ఆకుల అంచులు పసుపెక్కి, దోసిలి పట్టినట్టు పైకి ముడుచుకుపోతాయి. మొక్క గిడసబారుతుంది. పూత రాలిపోతుంది. ఒకసారి పట్టిన మొక్కకి మందు లేదు, పీకి తగలబెట్టడమే. ఇది ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. మా కార్యాలయానికి మాత్రం లిఖితపూర్వకంగా చెప్పాలి.

నేను ఆ కార్యాలయంలో క్షేత్ర సహాయకుణ్ణి. పన్నెండేళ్ళ సర్వీసు. ఈ పన్నెండేళ్ళూ అక్కడ జరిగే బాగోతం చూసి లోలోపల నవ్వుకుంటూ, పైకి తల ఊపుతూ, దాంతో నాకేమీ సంబంధం లేనట్టు పక్కన నిలబడి నెట్టుకొచ్చాను. అలాగని నేను అనుకుంటూ వచ్చాను.

ఓ రోజు పొద్దున్నే మా వదిన ఆఫీసుకి వచ్చింది. మా అన్న లారీ డ్రైవరు. నెలలో పాతిక రోజులు రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి మూడెకరాల టమాటా తోట వదినే చూసుకుంటుంది. చేతిలో ఓ గోనెసంచి ఉంది. నాకేసి చూడనైనా చూడకుండా నేరుగా వెళ్ళి, ఆ సంచిని ఆఫీసరుగారి బల్ల మీద బోర్లించింది. మూరెడు ఎత్తు కూడా లేని నాలుగు మొక్కలు, ఆకులన్నీ ముడుచుకుని, మట్టితో సహా ఫైళ్ళ మీద పడ్డాయి.

“ఏమిటమ్మా ఇది?” ఆఫీసరుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“మీరు లేదన్న జబ్బండి.”

“ఇది జబ్బు కాదు. ఎండదెబ్బ.”

“నీళ్ళు పెట్టి చూశానండి, తగ్గలేదు. నీడ వేసి చూశాను, తగ్గలేదు. ఇక లాభం లేదని మూడెకరాలూ పీకి తగలబెట్టాను. ఇప్పుడు దోమ దూరని వల కింద కొత్త నారు పోశాను. ఇవాళ్టికి ఇరవయ్యో రోజు. నలభై రోజుల దాకా ఆగుతుంది. తర్వాత ముదిరిపోయి పనికిరాదు. ఈలోగా చుట్టుపక్కల తోటల్లో ఉన్న జబ్బు మొక్కలన్నీ పీకించండి. లేదంటే నేను నాటిన వారానికే దోమ వచ్చి అంటించి పోతుంది. రెండో పంట కూడా పోతే ఈ ఏడాదికి మాకిక పంట లేనట్టే.”

ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ఏదైనా కాదనేముందు అలా చేస్తారు.

“చూడమ్మా. పీకమని ఆదేశించాలంటే జబ్బు ఉన్నట్టు గుర్తించాలి. గుర్తించాలంటే సర్వే చేయాలి. సర్వే చేయాలంటే జబ్బు ఉందని అనుమానం ఉండాలి. నాకు అనుమానం లేదు.”

“నాకుందండి.”

“మీది సొంత అనుమానం. శాఖాపరమైన అనుమానం కావాలి.”

“సరే అయితే. మీ శాఖకి అనుమానం వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను.”

వదిన అన్నంత పనీ చేసింది. బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ తన మొక్కలు చూపించి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరినట్టు అదే కథ మొదటినుంచీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళకి మా శాఖకు అనుమానం వచ్చింది.

ఆ విధంగా నేను నలభై ఒక్క మంది రైతుల తోటల్ని శాస్త్రీయంగా సర్వే చేయడానికి, చేతిలో ఫారాల కట్టతో బయలుదేరాను.

మొదట రిటైరైన లెక్కల మాస్టారి తోటకి వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ సాళ్ళ మధ్య పీటలు వేసుకుని కూర్చుని, ముడుచుకున్న ఆకుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో సాపు చేస్తున్నారు. సాపు చేసి వదలగానే ఆకు మళ్ళీ ముడుచుకుపోతోంది.

“ఏం చేస్తున్నారు మాస్టారూ?”

“ఏముందయ్యా, ఆకులకి కాస్త వ్యాయామం!” అని గబుక్కున లేచి నిలబడ్డారు. “జబ్బు గురించా? ఛఛ! మా ఇంటా వంటా లేదు. అయినా నాతో ఎందుకు, ఆ పక్కన ట్రాక్టరాయన తోట చూడు. మొత్తం పోయింది పాపం. నేను చెప్పానని మాత్రం చెప్పకు.”

ట్రాక్టరాయన నన్ను గట్టు దగ్గరే ఆపేసి, “మాకేం నిక్షేపంగా ఉంది. మాస్టారి తోట చూశారా? మొగుడూ పెళ్ళాలు పొద్దస్తమానం ఆకులు దువ్వుతున్నారు!” అన్నాడు.

ఇలా నలభై ఒక్క తోటలూ తిరిగాను. ఎవరికి వాళ్ళ నోట వింటే ఎవరి తోటకీ జబ్బు లేదు. పక్కవాళ్ళ నోట వింటే అన్ని తోటలకీ ఉంది. కళ్ళతో చూస్తే దాదాపు అన్నిటికీ ఉంది. కానీ మా ఫారంలో ‘రైతు స్వయంగా చెప్పినది’ అని ఒకటే గడి ఉంది. ‘పక్కవాడు చెప్పినది’ అని గానీ, ‘సహాయకుడు కళ్ళారా చూసినది’ అని గానీ గడి లేదు. లేని గడిలో నేనెలా రాస్తాను?

చివరిగా మామగారి తోట. ఆయన మా ఆఫీసరుగారికి పిల్లనిచ్చిన మామ. ఆఫీసరుగారు మామగారూ అని పిలవడం చూసి, ఊరంతా, ఆఖరికి ఆయన ఈడువాళ్ళు కూడా మామగారనే పిలుస్తారు. పదెకరాల తోట. సరిగ్గా మా వదిన పొలం పక్కనే. గాలి కూడా అటునుంచి ఇటే వీస్తుంది. ఆ తోటలో అడుగుపెడితే, మొక్కకి తగిలినప్పుడల్లా తెల్లదోమలు గుంపుగా లేస్తున్నాయి.

“మీ ఆఫీసరు నాకేమవుతాడు?” అన్నారాయన పడక్కుర్చీలోంచి లేవకుండానే.

“అల్లుడండి.”

“నా తోటలో జబ్బుంటే నీ ఆఫీసులో ఉన్నట్టే. ఏం రాసుకుంటావో రాసుకో.”

లేదని రాసుకున్నాను.

ఇక ఆకుల నమూనాలు పరీక్షకి పంపాలి. ఇక్కడ మా కార్యాలయంలో ఒక పాత ఆనవాయితీ గురించి చెప్పాలి. పై ఆఫీసుకి పంపేది ఏదైనా సరే, మేలు రకం ఏరి పంపాలి. ఎప్పుడో ప్రదర్శనకి కాయలు పంపినప్పుడు మొదలైన ఈ ఆనవాయితీ నెమ్మదిగా మట్టికీ, బావి నీళ్ళకీ పాకి చివరికి ఆకుల దాకా వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ ఏరే పని నాది. ఆ విషయంలో నాకు మంచి పేరుంది. కాబట్టి ప్రతి తోటలోనూ వెతికి వెతికి, ముడత లేని, లేత పచ్చని, నవనవలాడే ఆకునే కోశాను. మామగారి పదెకరాల్లో అలాంటి ఆకు దొరకడానికి గంటన్నర పట్టింది. తడిగుడ్డతో తుడిచి, కవర్లలో పెట్టి పంపించాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణమైనా తోచలేదు. ఒట్టు! కన్ను దానంతట అదే మంచి ఆకు మీదికి పోయింది.

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. “పంపిన నలభై ఒక్క నమూనాలలో వైరస్ లేదు. నమూనాల నాణ్యత అభినందనీయం.” ఆఫీసరుగారు ‘అభినందనీయం’ కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకి అంటించారు.

ఆ సాయంత్రం వదిన నన్ను ఇంటికి పిలిపించింది.

“ఏ ఆకులు పంపావు?”

చెప్పాను.

“జ్వరం వచ్చినవాణ్ణి మంచం మీద వదిలేసి, వీధిలో ఆడుకునేవాడి రక్తం పరీక్షకి పంపావా?”

“పై ఆఫీసుకి పంపేటప్పుడు మంచివే పంపాలి కదా వదినా… అలవాటు.”

“ఇంత బాగా ఏరేవాళ్ళు ఇంట్లోనే ఉండగా, చిన్నప్పుడు మా అత్తయ్య నిన్నెందుకు ఏరి పారేయలేదో!” అంది. వెంటనే వల కింద ఉన్న ట్రేల దగ్గరికి వెళ్ళి నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. నారుకి ఇరవై ఆరో రోజు. ముదురాకుపచ్చగా, నిటారుగా, చూడ ముచ్చటగా ఉంది. నాకు నిజంగానే బాధ కలిగింది.

వదిన మాత్రం బాధపడుతూ కూర్చునే మనిషి కాదు. మర్నాడు విత్తనాల కొట్టుకి వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను. మాస్టారు ఓ మూల నిలబడి తెల్లదోమ మందు కొంటున్నారు, ‘మా పక్కాయనకి’ అని చెప్పి. వదిన కొట్టాయనతో, కొట్టంతా వినపడేలా నిట్టూర్చింది.

“ఏం చెప్పమంటారండీ! ఆ జబ్బు అందరికీ రాదట. మామూలు తోటల వైపు దోమ కన్నెత్తి కూడా చూడదట. ఖరీదైన విత్తనం, మేలైన ఎరువు, తరాలనాటి తోట అయితేనే వాలుతుందట. ఏదో నా అదృష్టం కొద్దీ నాకొచ్చింది. ఊళ్ళో ఇంకెవరికీ అంత స్థాయి లేదని సర్వేలో తేలిపోయిందిగా!”

మాస్టారి చేతిలో మందు సీసా ఆగిపోయింది. నాకేసి తిరిగి, “నిజమేనా?” అన్నారు.

నేను అవుననలేదు, కాదనలేదు. “ఆ విషయం పై అధికారుల పరిశీలనలో ఉంది,” అన్నాను. మా ఆఫీసులో ఆ మాటకి ఎవరికీ ఏమీ తెలియదని అర్థం. బయట మాత్రం ముమ్మాటికీ నిజమని అర్థం. మాస్టారు మందు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరిచేసరికి వసారాలో కాలు పెట్టే సందు లేదు! అందరికంటే ముందు మామగారు. చేతికర్రతో బల్ల మీద ఒక్కటేశారు.

“ఏమోయ్ అల్లుడూ! నా తోటలో జబ్బు లేదని రాయించావట! నేనంత గతిలేనివాడిలా కనిపిస్తున్నానా నీకు?”

“మీరే కదా మామగారూ లేదని…”

“మర్యాద కోసం లేదంటాం. నువ్వు కనిపెట్టొద్దూ? ఆ లారీ డ్రైవరు పెళ్ళానికి వచ్చి, నాకు రాలేదని ఊళ్ళో చెప్పుకుంటుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను!”

శాఖకు మళ్ళీ అనుమానం వచ్చింది. ఈసారి అరనిమిషంలో వచ్చింది.

రెండో సర్వే గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతి ఇంటి ముందూ నాకు కుర్చీ వేశారు. “మాకు రెండు నెలల కిందటే వచ్చిందండి, చెప్పుకోవడం ఎందుకని ఊరుకున్నాం,” అన్నాడు ట్రాక్టరాయన. మాస్టారి తోటలో జబ్బు రాని సాలు ఒకటి మిగిలిపోయిందట. ఆ సాలులో ఆకుల్ని వేలికి చుట్టి చుట్టి, భార్య తలపిన్నులు పెట్టి నిలబెట్టారు. ఒకాయన తోటంతా టార్పాలిన్ కప్పేశాడు. ఏమిటండీ అంటే నన్ను పక్కకి తీసుకెళ్ళి, “ఆరోగ్యంగా ఉన్నాయండి. దయచేసి ఎవరికీ చెప్పకండి. పిల్లకి సంబంధాలు చూస్తున్నాం,” అని చేతులు పట్టుకున్నాడు. కనికరించి ఆయన పేరూ రాశాను. వంగతోట ఆయన ఒకడు వెంటపడి, “మీకు పుణ్యముంటుంది, టమాటాయే అనుకుని రాసెయ్యండి,” అని బతిమాలి నలభై రెండోవాడయ్యాడు.

నమూనాలు తీసేటప్పుడు ఆఫీసరుగారు స్వయంగా ఫోన్ చేసి, “అత్యుత్తమమైన ముడతలు ఏరవయ్యా! ముఖ్యంగా మామగారివి,” అన్నారు. ఆనవాయితీ పుణ్యమా అని ఈసారి నిజం పైకి వెళ్ళింది. నారుకి ముప్పై మూడో రోజున జవాబు వచ్చింది. ఆకుముడత వైరస్ నిర్ధారణ అయింది, జాబితాలోని మొక్కలన్నీ ఐదు రోజుల్లో పీకి తగలబెట్టి నివేదిక పంపాలి!

ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆఫీసరుగారు చేతులకి తొడుగులు వేసుకుని, అప్పటికే పీకి పెట్టిన మొక్కని రెండోసారి పీకారు. ఆ తర్వాత జనం పోటీలు పడ్డారు. మాస్టారు పిన్నులు తీసుకుని మరీ పీకారు. టార్పాలిన్ ఆయన తన ఆరోగ్యమైన తోటని కళ్ళనీళ్ళతో పీకాడు. జాబితాలో పేరుంది కాబట్టి వంగతోట ఆయన కూడా పీకేశాడు. మూడు రోజుల్లో నలభై రెండింటిలో నలభై ఒక్క తోటలు నేలమట్టమయ్యాయి. వదిన బిందెతో నీళ్ళు మోసుకొచ్చి అందరికీ పోసింది. ఆమె అంత తేలిగ్గా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో! పన్నెండేళ్ళలో మొదటిసారి నా ఉద్యోగం ఒకరికి పనికొచ్చిందనిపించింది.

మిగిలింది మామగారి తోట ఒక్కటే.

“ఎందుకు పీకాలి?” అన్నారాయన, అల్లుడి ఎదుట కాలుమీద కాలు వేసుకుని. “నలభై మందిలో ఒకణ్ణిగా ఉన్నప్పుడే ఇంత గౌరవం. ఇప్పుడు ఈ జబ్బున్నది నా ఒక్కడికే. పీకించుకోవడానికి నాకేమైనా పిచ్చా?”

ఆఫీసరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మామగార్ని కాదనలేక మళ్ళీ పెట్టుకున్నారు. కాసేపు ఆలోచించి, నన్ను కూర్చోబెట్టి రాయించారు: “మిగిలిన ఏకైక రోగగ్రస్త క్షేత్రమును విజ్ఞాన ప్రయోజనార్థము పరిశోధనా క్షేత్రముగా పరిగణించి సంరక్షించవలెను.”

“పరిశోధనా క్షేత్రం తోటల లెక్కలోకి రాదు,” అని నాకు వివరించారు. “కాబట్టి తోటలన్నీ పీకేసినట్టే. నూటికి నూరు శాతం నిర్మూలన అని ధ్రువపత్రం రాసి సంతకం పెట్టు. క్షేత్ర సహాయకుడి సంతకమే ఉండాలి.”

“సార్, ఆ పక్కనే మా వదిన పొలం. గాలి అటునుంచే…”

“గాలి మన శాఖ కిందికి రాదు. అన్నట్టు సీనియర్ సహాయకుడి పోస్టు ఖాళీ అయింది. నీ పేరే రాద్దామనుకుంటున్నాను.”

లోలోపల నవ్వుకోవడానికి ప్రయత్నించాను. నవ్వు రాలేదు. సంతకం వచ్చింది.

రెండు రోజుల తర్వాత మామగారి తోట గట్టు మీద బోర్డు పాతుతున్నాను. ‘వైరస్ పరిశోధనా క్షేత్రం. మొక్కలను తాకరాదు.’ సుత్తితో కర్ర మీద కొట్టిన ప్రతిసారీ పక్క మొక్కల్లోంచి తెల్లదోమలు పిండి చల్లినట్టు లేచి, గాలికి అవతలి పొలంలోకి వెళుతున్నాయి. ఆ పొలంలో వదిన నిలబడి ఉంది. నేల దున్ని, బోదెలు తీసి, నీళ్ళు కట్టి, నాట్లకి సిద్ధంగా పెట్టింది.

“నీ కాగితం చదివాను. నూటికి నూరు శాతం పోయిందని ఉంది. సంతకం నీదేనా?”

“నాదే వదినా.”

“ఇవాళ నలభయ్యో రోజు. ఇక ఆపడానికి లేదు. నారు నాటమంటావా, వద్దంటావా? మీ ఆఫీసరు మాట అడగడం లేదు. నీ మాట చెప్పు.”

వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ వద్దన్నానంటే వదిన ఊరుకోదు. నేరుగా ఆఫీసుకి వెళ్ళి, ‘మీవాడే వద్దన్నాడు’ అంటుంది. నా కాగితం అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. సీనియర్ పోస్టు సంగతి సరే, ఉన్న ఉద్యోగం కూడా… ఇదంతా ఆలోచించడానికి నాకు రెండు సుత్తి దెబ్బలంత సేపు పట్టింది.

“నాటు వదినా,” అన్నాను. “ఏం ఫరవాలేదు.”

ఆమె చాలాసేపు నాకేసి చూసింది. నేను సుత్తికేసి చూస్తున్నాను.

“నారు నిన్న పొద్దున్నే మా తమ్ముడి ఊరికి పంపేశాను,” అంది నెమ్మదిగా. “వాళ్ళ పొలంలో నాటేశారు కూడా. పంటలో సగం వాళ్ళకి, సగం మాకు. ఈ మూడెకరాలూ ఈసారికి ఖాళీయే.”

“మరి… నన్నెందుకు అడిగావు?”

“ఆఫీసు ఏం చెబుతుందో నాకు తెలుసు. నువ్వేం చెబుతావో తెలియక అడిగాను.”

తిట్టలేదు. వెటకారం చేయలేదు. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సిగ్గుతో నా ఒళ్ళంతా కాలిపోయింది. బోర్డు మాత్రం పూర్తిగా పాతాను.

వారం తిరక్కుండా నాకు ప్రమోషన్ కాగితం చేతికొచ్చింది. ఆ సాయంత్రం మా అన్న ఎక్కడో దారి పక్కన లారీ ఆపుకుని మరీ ఫోన్ చేశాడు.

“మన ఇంట్లో ఒకడు ఆఫీసరు కాబోతున్నాడంటే నాకెంత గర్వంగా ఉందో తెలుసా! మీ వదిన చెప్పింది. ఆ జబ్బు పోగొట్టడానికి రాత్రనక పగలనక తిరిగావటగా!”

అవునన్నాను.